నెలకు తొమ్మిది స్ట్రిప్పులు: బైరాగిపట్టెడలోని ఒక మందుల షాపు గురించి

మందుల షాపుకు సమీక్ష ఏమిటని అనుకునేవారు ఉంటారు. చీటీ చూపిస్తే మాత్రలిస్తారు, డబ్బిస్తే చిల్లర ఇస్తారు, అంతకు మించి చెప్పుకోవడానికి ఏముంటుందన్నది సహజమైన సందేహమే. పదకొండేళ్లుగా బైపోలార్ డిజార్డర్‌తో, అంటే కొన్నాళ్లు ఉన్మాదపు ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు కమ్మే మానసిక జబ్బుతో కాపురం చేస్తూ, 300 మిల్లీగ్రాముల లిథియం మాత్రలు రోజుకు మూడు చొప్పున నెలకు తొమ్మిది స్ట్రిప్పులు కొనే నాలాంటివాడికి మాత్రం, తిరుపతిలో డాక్టరు గది కంటే ఎక్కువసార్లు గడప తొక్కే చోటు ఈ షాపే. పేరు రాయవద్దని యజమాని కోరారు కనుక రాయడం లేదు.

ముందు సరుకు సంగతి. లిథియం కొత్త మందు కాదు. ఉన్మాద దశలో అది పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లోనే ప్రకటించాడు. ధర కూడా తక్కువే. లాభం తక్కువనో, కొనేవాళ్లు తక్కువనో, నేను తిరిగిన షాపుల్లో చాలాచోట్ల ‘రేపు తెప్పిస్తాం సార్’ అన్న మాటే వినిపించింది. ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, నేను వాడే మామూలు మాత్రలకు బదులు నిదానంగా కరిగే 400 మిల్లీగ్రాముల రకం వచ్చింది. పెట్టె మీద లిథియం అనే ఉంది కదా అని మింగేయగలిగిన మందు కాదిది. రక్తంలో దీని స్థాయి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు, 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం పెరుగుతుంది. మందుకూ విషానికీ మధ్య అంత సన్నని గట్టు మీద నడిచేవాడికి, ఏ రకం, ఎన్ని మిల్లీగ్రాములు అని ప్రతిసారీ చీటీతో సరిచూసి ఇచ్చే షాపు దొరకడం చిన్న విషయం కాదు. ఇక్కడ స్ట్రిప్పు తిప్పి, గడువు తేదీ మీద వేలు పెట్టి చూపించిన తరువాతే కవరులో వేస్తారు.

అసలు ఈ సమీక్ష రాయడానికి కారణం వేరే ఉంది. ఉన్మాద దశలో ఆలోచనలు పరుగెత్తుతాయి; అలా పరుగెత్తడమంటే దిగులు ఎక్కువ కావడమని చాలామంది అనుకుంటారు. నా విషయంలో అది దిగులు కాదు, సంబరం. రాత్రి రెండు గంటలు పడుకొని లేచినా అలసట తెలియదు. ఒక ఆలోచన కొస అందేలోపే దానికొక పిల్ల, ఆ పిల్లకొక పిల్ల పుట్టుకొస్తాయి. మూడేళ్ల కిందట అలాంటి రోజుల్లో, అలిపిరి మెట్లెక్కే భక్తుల మోకాళ్ల నొప్పులు నా బాధ్యత అని నాకు తోచింది. మెట్లు 3,550, యాభై మెట్లకొక ఉచిత స్ప్రే కేంద్రం పెడితే 71 కేంద్రాలు, ఏడూ ఒకటీ కలిపితే ఎనిమిది, ఎనిమిదంటే అష్టాక్షరి, కనుక ఇది స్వామి ఆజ్ఞ. కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని కదా, ఒక్క కూడిక కూడా తప్పలేదు! కేంద్రానికి రెండు చొప్పున 142 నొప్పి స్ప్రేలు కావాలని రాత్రి తొమ్మిది గంటలకు కౌంటరు మీద ఏటీఎం కార్డు పెట్టాను.

యజమాని కార్డు ముట్టుకోలేదు. “ఇంత సరుకు ఇప్పుడు లేదు సార్. రేపు సాయంత్రం మీ అక్కను కూడా తోడుకొని రండి, లెక్క ఆమె ముందర చూసుకుందాం,” అన్నారు. ఆ తరువాత అరువు ఖాతాల పుస్తకం తెరిచి, గొంతు తగ్గించి, “మీరు మాత్రలు తీసుకుపోయి నలభై రెండు దినాలు అయింది,” అన్నారు. ముప్పై రోజుల మాత్రలకు నలభై రెండు రోజులు! నేను కోపంతో వచ్చేశాను. బాగున్న రోజుల్లో చీటీ వెనుక నేనే రాసిచ్చిన అక్క నంబరుకు ఆయన ఆ రాత్రే ఫోన్ చేశారు. దానికి రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు, మందులు వేరే చోట కొన్నాను. ఖాతాదారు విషయం ఇంట్లోవాళ్లకు చెప్పవచ్చా అని నన్నడిగితే, నంబరు ఇచ్చింది నేనే కాబట్టి చెప్పవచ్చనే అంటాను. ఇవ్వకుండా చెప్పి ఉంటే ఈ సమీక్ష మరోలా ఉండేది.

ఎండాకాలంలో ఈ షాపు విలువ ఇంకాస్త తెలుస్తుంది. చెమట ఎక్కువ పోసి, నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. మే నెలలో గంగమ్మ జాతర నాటి తిరుపతి ఎండ ఎలా ఉంటుందో ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. జాతరలో రోజంతా తిరిగి, నడుము నొప్పికి డైక్లోఫెనాక్ అడిగితే ఆయన ఇవ్వలేదు. ఆ జాతి నొప్పి మాత్రలు కూడా లిథియం స్థాయిని పెంచుతాయని చెప్పి, పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, చిల్లర తీసుకుంటున్న నా చేతి వైపు చూసి, వణుకు మామూలుగా ఉండేదేనా, వాంతులు, తూలడం ఏమైనా ఉన్నాయా అని అడిగారు. పెరటాసి శనివారాలకు ఉపవాసం ఉన్నా నీళ్లు మానవద్దని చెప్పిందీ ఆయనే. రక్తపరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలనీ, ఉదయం మాత్ర ఆ తరువాతే వేసుకోవాలనీ డాక్టరు చెప్పిన మాటను కవరు మీద పెన్నుతో రాసిస్తారు.

లోపాలూ ఉన్నాయి. కౌంటరు రోడ్డు మీదికే ఉంటుంది, చాటు లేదు. పనిచేసే కుర్రవాడు లోపలికి తిరిగి “అన్నా, లిథియం తొమ్మిది” అని కేక పెడితే వెనక నిలుచున్న పాల ప్యాకెట్ల ఆవిడ దాకా వినబడుతుంది. రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు “సార్ మందు తొమ్మిది” అంటున్నాడు, కేక మాత్రం తగ్గలేదు. తగ్గింపు ధరలు ఆశించవద్దు. గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 అంటించారు. ఏ వేళైనా తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చన్న ఆ కాగితం సగం క్యాలెండరు వెనుక పడి ఉంటుంది, దాన్ని కాస్త ముందుకు జరిపితే బాగుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసి ఉంటుంది. స్ట్రిప్పులో చివరి వరుస మిగిలినప్పుడు శనివారమే వెళ్లడం మంచిది.