మిణుకు లైట్ల బీసీఐ: మా నాయన పది నెలల వాడకం మీద నా రివ్యూ

మా నాయనకి ఏఎల్ఎస్, అంటే కండరాలని కదిలించే నరాలు మెల్లమెల్లగా పాడైపోయే జబ్బు. చేతులు పోయినాయి, మాట పోయింది, కళ్ళు మాత్రం బాగానే తిరుగుతాయి. కావలిలో మా ఇంట్లో పది నెలల నించి ఆయనకి ఎస్ఎస్‌వీఈపీ సెట్టు వాడుతున్నాం, అది మిణుకు లైట్లని చూస్తే మెదడులో లేచే సిగ్నల్‌ని చదివే బీసీఐ, అంటే మెదడుని కంప్యూటర్‌కి కలిపే సాధనం, ఇట్టాంటి పరిస్థితిలో ఉన్నోళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

స్క్రీన్ మీద నాలుగు డబ్బాలు ఉంటాయి, నీళ్ళు, ఫ్యాను, పక్కకి తిప్పు, నొప్పి. ఒక్కోటి ఒక్కో వేగంతో మిణుకుతా ఉంటది, నాయన దేన్ని చూస్తే ఆ వేగమే తల వెనకవైపు, చూపుని చూసుకునే మెదడు భాగంలో సిగ్నల్‌గా లేస్తుంది, అక్కడ పెట్టిన ఎలక్ట్రోడ్లు దాన్ని పట్టుకుంటాయి. మాది మామూలు 60 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ (ఫ్రేము) మారుస్తుంది, అందుకని ఇన్ని ఫ్రేములకి ఒకసారి అని లెక్క కుదిరే వేగాలే పెట్టాం, సెకనుకి 7.5, 8.57, 10, 12 సార్లు. పెద్ద ట్రైనింగ్ ఏమీ అక్కర్లేదు. మొదటి రోజే నీళ్ళు అడిగినాడు, అమ్మ ఏడ్చేసింది.

నొప్పిని 10 మీద పెట్టడం నేను చేసిన తప్పు. మధ్యాహ్నం కునుకు పట్టి కళ్ళు మూతపడగానే నొప్పి నొప్పి అని మోగేది, మేమంతా పరిగెత్తుకుని పోయి కాళ్ళు చేతులు తడిమి చూసేవాళ్ళం, ఆయనేమో నిద్రలో ఉండేవాడు. కళ్ళు మూస్తే 8 నించి 13 హెర్ట్జ్ మధ్య ఆల్ఫా అనే మెదడు తరంగాలు వాటంతటవే పెరుగుతాయంట, 10 అందులోనే ఉంది, ఈ సంగతి తెలిసేసరికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు నొప్పి 7.5 మీద ఉంది, ఏదైనా రెండుసార్లు వరసగా వస్తేనే మోగుతుంది, కొంచెం ఆలస్యమైనా పర్లేదు, నమ్మకం ముఖ్యం.

తలకి నూనె ఉంటే ఎలక్ట్రోడ్ల కింద పూసే జెల్ పట్టదు. అమ్మ ఇప్పుడు వెనక భాగం వదిలేసి ముందువైపే నూనె రాస్తుంది. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, లేకపోతే మన కరెంటు 50 హెర్ట్జ్ రొద ఎక్కువ కలుస్తుంది. మే నెలలో చెమటకి సిగ్నల్ అటూ ఇటూ పోయేది, కూలర్ తలవైపు తిప్పినాక కుదురుకుంది.

కళ్ళు అలిసిపోవడం మాత్రం నిజం. పావుగంట దాటితే నాయన మొహం తిప్పేసుకుంటాడు. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే డాక్టర్‌ని అడక్కుండా అసలు మొదలెట్టొద్దు, మిణుకు లైట్లకి ఫిట్స్ వచ్చేవాళ్ళు ఉంటారు. రాత్రిపూట మేం అక్షరాల చార్టే వాడతాం, రెప్ప కొడితే అవునని లెక్క.

పోయిన వారం ఆ చార్టు మీదే నాయన పే, ప, ర్ అని చూపించినాడు. ఐదో డబ్బా 6.67 మీద పెడుతున్నా, పేపర్ చదువు అని.