మా వీధి చివరి టిఫిన్ బండి: 5కి 4 మార్కులు

ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 26 ఏళ్లు కంట్రోల్ రూమ్ డెస్క్ మీద కూర్చుని రిటైరయ్యాను. అందుకేనేమో, ఏ టిఫిన్ బండి దగ్గరికెళ్లినా ప్లేటు కంటే ముందు పెనం చూస్తాను. ఈ బండికి ఆర్నెల్లుగా వెళ్తున్నా. ఉప్మా పెసరట్టు 50 రూపాయలు. అల్లం పచ్చడి బ్రహ్మాండం, కొబ్బరి చట్నీ మాత్రం ఒట్టి నీళ్లు.

పెనం మీద ఒకేసారి ఆరు అట్లు. ఒక పక్క ఇడ్లీ పాత్ర, ఇంకో పక్క పూరీల నూనె. మాస్టర్ అన్నిటినీ సమానంగా చూడడు. ఇడ్లీ పాత్రకి మూత పెట్టాక పది నిమిషాలు దాని జోలికే పోడు. కన్నంతా సాదా దోశ అంచు మీదే. పల్చటిది కాబట్టి ముందు మాడేది అదే. పెసరట్టు మందం, కాస్త ఆగుతుంది. మేమూ అంతే. ఫీడ్ వాటర్, అంటే బాయిలర్‌కి పంపే నీళ్లు, ఆగితే దాని డ్రమ్ములో నీళ్లు ఎంతోసేపు నిలవవు, యూనిట్ ట్రిప్ అవుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది. బంకర్లో నిల్వ ఉన్న బొగ్గయితే గంటల తరబడి వస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు మాత్రం మీటర్లన్నీ వరసగా చూసుకుంటూ పోయేవారు. చివరిదాకా వచ్చేసరికి మొదటిది ఎక్కడో ఉండేది!

వాయ వాయకీ పెనం మీద నీళ్లు చిలకరించి చీపురుతో ఊడుస్తాడు. నీళ్లు చుయ్యిమంటే సరే. ముత్యాల్లా దొర్లాయంటే పెనం మరీ కాలినట్టు, మంట తగ్గిస్తాడు. మా దగ్గర ఇంత పనికి ఒక మీటరు, దానికో రిజిస్టరు.

ఇక ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఈమధ్య డెలివరీ యాప్ పెట్టుకున్నారు. ప్రతి ఆర్డరుకీ ఫోను కూస్తుంది. పోయిన ఆదివారం ఎనిమిదింటికి అది మోగినప్పుడల్లా అతని తల అటు తిరిగింది, నా పెసరట్టు ఒక పక్క మాడింది. యూనిట్ ట్రిప్ అయితే మాకూ అలారాలు ఒక్కసారే మీద పడేవి. ముందు బటన్ నొక్కి ఆ మోత ఆపి, ఆ తర్వాత మొదట వచ్చిన అలారం ఏదో వెతికేవాళ్లం. "ఆ ఫోను పక్క కుర్రాడికిచ్చెయ్ నాయనా" అన్నాను. "వాడు చూడకపోతే బేరం పోద్ది బాబాయ్ గారూ" అని నవ్వాడు. మాడినదానికి డబ్బులు తీసుకోలేదు, ఇంకోటి వేసిచ్చాడు.

ఆదివారమైతే ఏడింటిలోపే వెళ్లండి. రవ్వదోశ మాత్రం చెప్పకండి, ఇంకో ఇద్దరు అడిగేదాకా వెయ్యడు.