సర్జరీ ముందు నర్సు క్లాసు: విషయం దిట్టం, తేదీయే ఆలస్యం

విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జెండర్ సర్జరీలకు (ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ జెండర్‌కు తగ్గట్టు శరీరాన్ని మార్చుకునే ఆపరేషన్లకు) ముందు నర్సు చెప్పే క్లాసు గురించి ఈ రివ్యూ. రేటింగ్: 5కి 3.5.

క్లాసు తెలుగులోనే సాగుతుంది, వెంట ఒకరిని కూర్చోనిస్తారు. ఆ ఒకరు రక్తసంబంధీకులే కావాలని పట్టుబట్టరు. హిజ్రా కుటుంబంలోని గురువు వచ్చినా, చేలా (శిష్యురాలు) వచ్చినా కుర్చీ వేస్తారు. ఆధార్‌లో ఏ పేరున్నా, మనం చెప్పిన పేరుతోనే పిలుస్తారు.

బలమంతా చేతిపనిలో ఉంది. ఛాతీ సర్జరీకి వచ్చినవాళ్ల చేతికి రంగునీళ్లు నింపిన డ్రెయిన్ బల్బు (గాయంలో ఊరే ద్రవాన్ని గొట్టం ద్వారా లాగే మెత్తటి బుడ్డి) ఇస్తారు. చేతులు కడుక్కుని, మూత తీసి, నీళ్లు కొలత కప్పులోకి వంచి, కప్పు కంటి ఎత్తున పెట్టి ఎన్ని ఎంఎల్ ఉన్నాయో రాయాలి. తర్వాత బల్బును నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే మూత పెట్టాలి. చాలామంది ముందు మూత బిగించేసి ఆ తర్వాత నొక్కుతారు. లోపల గాలి ఉండిపోతే బల్బు లాగదు, ద్రవం చర్మం కిందే నిలిచిపోతుంది. సిస్టర్ చూపించి ఊరుకోరు, 'ఏదీ, ఇప్పుడు మీరు చేయండి' అంటారు. సాధారణంగా 24 గంటల్లో 30 ఎంఎల్ లోపుకు దిగాకే డ్రెయిన్ తీస్తారు కాబట్టి ఆ లెక్క తప్పకూడదు. ఒకవైపు ఛాతీ ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకుంటే లోపల రక్తం చేరిందేమోనని అనుమానించాలి, తెల్లారేదాకా ఆగకూడదు. మన ఊరి ఉక్కకు బైండర్ (ఛాతీని బిగించి పట్టే పట్టీ) కింద పలచటి నూలు బనియన్ వేసుకోమన్న సలహా బాగుంది.

వెజైనోప్లాస్టీకి (యోనిని నిర్మించే సర్జరీకి) డైలేటర్ (ఆ దారి మూసుకుపోకుండా లోపల పెట్టే కడ్డీ) చేతికిచ్చి చూపిస్తారు. లోపలి ప్యాకింగ్ (కుక్కిన గుడ్డ), మూత్రం పైపు సుమారు 5 నుంచి 7 రోజులు ఉంటాయి. ప్యాకింగ్ తీశాక డైలేషన్ మొదలు: మొదటి 3 నెలలు రోజుకు 3 సార్లు, ప్రతిసారీ 10 నుంచి 20 నిమిషాలు. నీటి ఆధారిత జెల్ వాడాలి. కొబ్బరినూనె, వ్యాజలీన్ వద్దు. డైలేటర్ మీది చుక్కల్లో ఎన్నోదాని దాకా వెళ్లిందో రాసుకోవాలి. నొప్పిగా ఉందని మానేస్తే దారి కుంచించుకుపోతుంది. ఆ దారిలోంచి మలం గానీ గాలి గానీ వస్తే, ఒక కాలి పిక్క వాస్తే, జ్వరం 100.4 దాటితే వెంటనే ఫోన్ చేయాలి.

ఇక ఫిర్యాదు. ఈ క్లాసు సర్జరీకి పది రోజుల ముందు పెడుతున్నారు. వెజైనోప్లాస్టీలో జననాంగాల చర్మాన్నే లోపలి గోడగా వాడతారు. అప్పుడు 'అక్కడి వెంట్రుకలు తీయించుకున్నారా?' అని అడిగితే ఏం లాభం? లేజర్ సిటింగులకు మధ్య 4 నుంచి 6 వారాల ఎడం కావాలి, సిటింగులు చాలా పడతాయి, మొత్తం ఆరు నెలలకు తక్కువ కాదు. వెంట్రుకలున్న చర్మం లోపలికి వెళ్లాక వాటిని తీయడం మహా కష్టం. వాసన, ఇన్ఫెక్షన్ వెంటపడతాయి. పొగ సంగతీ అంతే. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది, కుట్టిన చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. కనీసం 4 వారాల ముందే ఆపాలి. ఖైనీ, గుట్కా కూడా లెక్కలోవే. ఇదివరకే నిర్వాణం (హిజ్రా సంప్రదాయంలో పురుషాంగం, వృషణాలు తీసేయడం) అయినవాళ్లకు చర్మం తక్కువ ఉంటుంది, పేగు ముక్కతో చేయాల్సి రావచ్చు. ఆ మాట మొదటి ఓపీలోనే రావాలి.

హార్మోన్ మాత్రలు ఆపాలా వద్దా అన్నది సర్జన్‌ను అడగమంటారు, సబబే. చేతికిచ్చే కాగితం మాత్రం మొత్తం ఇంగ్లిషులో ఉంది, అదేం చోద్యమో! ఏడాదికి 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ (ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల ఆరోగ్య బీమా) కార్డు గురించి అడిగితే బిల్లింగ్ కౌంటరు చూపిస్తారు.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చేవాళ్లు డిశ్చార్జి తర్వాత కొన్నాళ్లు విశాఖలోనే ఉండాలి. గది చూసేటప్పుడు లోపలి గడియ, వెస్టర్న్ కమోడ్, వేణ్నీళ్లు చూసుకోండి. రోజుకు మూడుసార్లు డైలేషన్ హాస్టల్ గదిలో అయ్యే పని కాదు. ఇదీ క్లాసులో చెప్పరు.