సింగపూర్ రేసు ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: ‘గ్రాండ్‌స్టాండ్ వ్యూ’ అంటే సీటు కాదు

హైదరాబాద్‌లోని ట్రావెల్ ఏజెంట్ల దగ్గర సింగపూర్ ఫార్ములా వన్ రేసు ప్యాకేజీ కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టేముందు ఇది చదవండి. 2024 సెప్టెంబరులో మా నాన్నను తీసుకుని ఆ రేసుకు వెళ్లాను. ఇద్దరికీ కలిపి 3,20,000 రూపాయలు కట్టాను. పన్ను పేరుతో దానిపైన మరో 16,000. గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చుని చూడబోతున్నామన్న నమ్మకంతో విమానం ఎక్కాం. తీరా అక్కడ మాకు సీటే లేదు. రెండు మోకాళ్లూ అరిగిపోయిన అరవై ఆరేళ్ల మనిషి నాలుగు గంటలకు పైగా ఇనుప కంచె పక్కన నిలబడ్డారు. ఆ దృశ్యం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆ సీటు మాకు ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. జాకీ పెట్టి బస్సును లేపడం, బిగుసుకుపోయిన నట్లను స్పానరుకు ఇనుప గొట్టం తొడిగి విప్పడం, చక్రం దించి మరొకటి ఎక్కించడం ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేసిన పని. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఆయనను తీసుకువెళ్లాను. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, కొత్త సచివాలయం మధ్య 2.83 కిలోమీటర్ల ట్రాకు. రోజూ బస్సులు, ఆటోలు తిరిగే రోడ్డు మీద విద్యుత్ కార్లు ఈల వేసినట్టు దూసుకుపోతుంటే నాన్న చిన్నపిల్లాడిలా లేచి నిలబడ్డారు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. తిరిగి వస్తుంటే నాన్న అడిగిన మాట ఒక్కటే: “అంతా బాగుంది గానీ, టైర్లు ఎప్పుడు మారుస్తారురా? అది చూద్దామనే కదా వచ్చాను.”

ఫార్ములా ఈలో టైర్లు మార్చే పని ఉండదని, ఎండకైనా వానకైనా ఒకే రకం టైర్లతో నడుస్తారని అప్పుడు చెప్పాను. ఆ రాత్రే ఫోనులో ఆయనకు ఫార్ములా వన్ పిట్ స్టాపులు, అంటే రేసు మధ్యలో కారు పక్కకు వచ్చి ఆగి టైర్లు మార్చుకోవడం, చూపించాను. చక్రానికి ఒక్కటే నట్టు. ఒక్కో చక్రం దగ్గర ముగ్గురు మనుషులు: ఒకరు నట్టు విప్పి బిగిస్తే, ఒకరు పాత చక్రం లాగేస్తారు, మరొకరు కొత్తది తగిలిస్తారు. అదే ఏడాది అక్టోబరులో ఖతార్‌లో మెక్లారెన్ జట్టు నాలుగు చక్రాలనూ 1.80 సెకన్లలో మార్చింది. ఆ వీడియోను నాన్న ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశారో లెక్కలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 10న హైదరాబాద్‌లో మళ్లీ జరగాల్సిన ఫార్ములా ఈ రేసు జనవరిలోనే రద్దయింది. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు జరిగి ఆగిపోయింది. ఇక ఆ రేసు చూడాలంటే విదేశానికే వెళ్లాలి, సింగపూర్ అనుకున్నాను. నాన్నకు పిట్ స్టాపును కళ్లారా చూపించాలని నిర్ణయించుకున్నాను.

అమీర్‌పేటలో ఒక ఏజెన్సీ ‘గ్రాండ్‌స్టాండ్ వ్యూ ప్యాకేజీ’ అని ప్రకటన ఇచ్చింది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ప్రకటనలో ఉన్న ఫోటో పిట్‌కు ఎదురుగా ఉండే గ్రాండ్‌స్టాండ్ నుంచి తీసినది. ఆఫీసుకు వెళ్లి ప్రత్యేకంగా అడిగాను: “నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఎక్కువసేపు నిలబడలేరు. కూర్చునే చోటు ఖాయమేనా? పిట్ కనిపిస్తుందా?” అక్కడి మనిషి చాలా మర్యాదగా, “సార్, మీరు నిశ్చింతగా ఉండండి. ఇది గ్రాండ్‌స్టాండ్ వ్యూ. పెద్దవాళ్ల కోసమే చేసిన ప్యాకేజీ” అన్నాడు. విమానం టికెట్లు, వీసా, మూడు రాత్రుల హోటల్, మూడు రోజుల రేసు టికెట్లు అన్నీ కలిపి అని ఒక కాగితం ఇచ్చాడు. ఆ కాగితంలో హోటల్ పేరు ఉంది, విమానం నంబరు ఉంది, ఉదయం ఏమి తినిపిస్తారో కూడా ఉంది. రేసు టికెట్ గురించి మాత్రం ‘గ్రాండ్‌స్టాండ్ వ్యూ’ అన్న రెండు మాటలే ఉన్నాయి.

ఆ రెండు మాటల దగ్గరే మోసమంతా ఉంది. సింగపూర్ రేసు టికెట్లలో అలాంటి రకమేదీ లేదు. అక్కడ ట్రాకు చుట్టూ ఉన్న ప్రాంతాన్ని నాలుగు జోన్లుగా విభజించారు. గ్రాండ్‌స్టాండ్ టికెట్ అయితే దాని మీద ఆ గ్రాండ్‌స్టాండ్ పేరు, వరుస, సీటు నంబరు ఉంటాయి. వాకబౌట్ టికెట్ అయితే ఆ జోన్‌లో తిరగవచ్చు, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ నిలబడవచ్చు, అంతే. పిట్, ప్రారంభ రేఖ ఉన్నది జోన్ 1లో. జోన్ 4 పడాంగ్ మైదానం వైపు ఉంటుంది, సంగీత కచేరీలు జరిగే పెద్ద వేదిక అక్కడే. జోన్ 4 వాకబౌట్ టికెట్ ఉన్నవారిని జోన్ 1లోకి రానివ్వరు. ప్రీమియర్ వాకబౌట్ అని ఇంకొకటి ఉంది. పేరు చూసి సీటు వస్తుందనుకోకండి. దానితో నాలుగు జోన్లలోనూ తిరగవచ్చు గానీ మీకంటూ ఒక సీటు ఉండదు. ఇవన్నీ నిర్వాహకుల సొంత వెబ్‌సైటులో మ్యాపుతో సహా ఉన్నాయి. డబ్బు కట్టకముందే అరగంట కూర్చుని ఆ మ్యాపు చూసి ఉంటే ఏజెంటును సరైన ప్రశ్న అడగగలిగేవాడిని.

టికెట్ల కోసం ఆగస్టు నుంచి అడుగుతూనే ఉన్నాను. “సింగపూర్‌లో మా మనిషి ఇస్తాడు, ముందుగా ఇవ్వడం కుదరదు” అన్నారు. చివరికి సెప్టెంబరు 20, శుక్రవారం మధ్యాహ్నం, హోటల్‌లో దిగాక అవి మా చేతికందాయి. చూస్తే ‘జోన్ 4 వాకబౌట్’ అని ఉంది. వెంటనే హైదరాబాద్‌కు ఫోను చేశాను. మొదట “అక్కడి నుంచి కూడా బాగా కనిపిస్తుంది సార్” అన్నారు. తర్వాత “గేటు దగ్గర మార్చి ఇస్తారు, అడగండి” అన్నారు. గేటు దగ్గర సిబ్బందిని అడిగితే ఆ అమ్మాయి మా టికెట్ చూసి, సీటు కావాలంటే వేరే టికెట్ కొనాల్సిందేనని ఓపికగా చెప్పింది. ఆమె తప్పేమీ లేదు. అప్పటికప్పుడు రెండు సీట్లు కొనగలిగే డబ్బు నా దగ్గర లేదు. శనివారం నుంచి ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు.

ఆదివారం రేసు అక్కడి సమయం ప్రకారం రాత్రి 8 గంటలకు. మంచి చోటు దొరకాలంటే ముందే వెళ్లి కంచె పట్టుకోవాలని హోటల్‌లో ఎవరో చెబితే సాయంత్రం అయిదున్నరకే లోపలికి వెళ్లాం. సింగపూర్‌లో గాలి మన వానాకాలం ఉక్కపోతకు రెండింతలు ఉంటుంది. నిలబడిన పది నిమిషాలకే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నాన్న కంచె పట్టుకుని ఒక కాలు మీదికి, ఆ తర్వాత ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డారు. “గడ్డిలో కూర్చోండి నాన్నా, మొదలయ్యాక లేపుతాను” అంటే, “ఈ చోటు పోతుందిరా” అన్నారు. నిజమే, వెనుక నాలుగు వరుసల జనం ఉన్నారు.

రేసు 62 ల్యాపులు (చుట్లు). గెలిచిన లాండో నోరిస్‌కే గంటా నలభై నిమిషాలు పట్టింది. మొదటి నుంచి చివరిదాకా అతనే ముందున్నాడు, రెండో స్థానంలో వచ్చిన వెర్‌స్టాపెన్‌కు, అతనికి మధ్య దాదాపు 21 సెకన్ల తేడా. 2008లో సింగపూర్ రేసు మొదలైన తర్వాత సేఫ్టీ కారు (ప్రమాదం జరిగినప్పుడు రేసు కార్లను నెమ్మదిగా నడిపించడానికి ముందుకు వచ్చే కారు) ఒక్కసారి కూడా రాకుండా రేసు ముగియడం ఆ రాత్రే మొదటిసారి. అంటే నాన్న కాసేపు కూర్చోవడానికి ఒక్క విరామమైనా దొరకలేదు. ఒకటిన్నర నిమిషానికి పైగా ఎదురుచూస్తే కంచె తీగల మధ్య నుంచి కార్లు కళ్ల ముందు రెప్పపాటులో వెళ్లిపోయేవి. ఆ శబ్దం గుండెల్లో తగిలేది, అది మాత్రం నాన్నకు నచ్చింది. పిట్ స్టాపులను దూరంగా ఉన్న పెద్ద తెర మీద చూశాం. ఇంట్లో ఫోనులో చూసినదే మళ్లీ తెర మీద. ముప్పై ఏళ్లు చక్రాలు మార్చిన మనిషి, ఆ పని ప్రపంచంలో అందరికంటే వేగంగా చేసేవాళ్లు ఉన్న ఊరికి వెళ్లి కూడా, వాళ్లను చూడకుండానే తిరిగి వచ్చారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మెట్రో దాకా నడవలేక దారిలో మూడుసార్లు ఆగారు.

తిరిగి వచ్చాక ఏజెన్సీకి వెళ్తే 15,000 రూపాయలు వెనక్కి ఇస్తామని, దానికి బదులుగా ‘సేవ సంతృప్తికరం’ అని సంతకం పెట్టమని అడిగారు. పెట్టలేదు. ఎవరైనా ఇలాంటి కాగితం మీ ముందు పెడితే ఆ డబ్బు ఎంత అవసరమైనా సంతకం చేయకండి. రేపు కేసు వేస్తే అదే కాగితాన్ని మీకు ఎదురుగా చూపిస్తారు.

పన్ను సంగతి ఇంకా దారుణం. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవారు కొనేవారి నుంచి టీసీఎస్ అనే పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. అప్పటి లెక్క ప్రకారం ఏడు లక్షల లోపు 5 శాతం. మా దగ్గర తీసుకున్న 16,000 అదే. అది మన పాన్ నంబరు మీద జమ అయితే, మన పేరున కట్టిన పన్నుల వివరాలుండే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. డిసెంబరులో నా 26ఏఎస్ తెరిచి చూస్తే ఒక్క రూపాయి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, వాళ్లు నా పాన్ నంబరు అసలు అడగనే లేదు. నేను గమనించాల్సిన మొదటి ఆనవాలు అదే. పన్ను అని డబ్బు తీసుకుంటూ పాన్ అడగని మనిషి ఆ పన్ను ఎవరి పేరున కడతాడు? రెండో ఆనవాలు రశీదు. దాని మీద జీఎస్టీ నంబరు లేదు. మూడోది, డబ్బు వేయమన్న ఖాతా ఏజెన్సీ పేరున కాదు, ఒక వ్యక్తి పేరున ఉంది. “కంపెనీ ఖాతాలో పరిమితి దాటింది సార్” అంటే నమ్మాను. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే కనీసం బ్యాంకులో అభ్యంతరం పెట్టే దారి ఉండేది.

కాబట్టి కొనేవారికి నా మాట: జోన్ ఏది, గ్రాండ్‌స్టాండ్ పేరేమిటి, వరుస ఏది, సీటు నంబరు ఎంత అని ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. ‘వ్యూ’, ‘ప్రీమియం’, ‘బెస్ట్ స్పాట్’ అని జవాబిస్తే అది సీటు కాదు. సీటు నంబరు ఇంకా రాలేదంటే, కనీసం గ్రాండ్‌స్టాండ్ పేరు, సీటు ఇవ్వలేకపోతే ఎంత వెనక్కి ఇస్తారన్న సంగతి బిల్లు మీద రాయించుకోండి. నన్ను అడిగితే రేసు టికెట్‌ను ఏజెంటు చేతిలో పెట్టనే వద్దు. నిర్వాహకుల వెబ్‌సైటులో మనమే కార్డుతో కొనుక్కోవచ్చు. విమానం, హోటల్, వీసా వరకు ఏజెంటుకు ఇచ్చినా ఫర్వాలేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారైతే సీటు ఖాయం కానిదే మిగతావేవీ బుక్ చేయకండి.

ఇప్పటికే నాలాగే మోసపోయినవారు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలుంది. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. ప్రకటన ఫోటో, వాట్సాప్ సంభాషణలు, బ్యాంకు చెల్లింపు వివరాలు, టికెట్ ఇవన్నీ దాచి ఉంచండి. ప్రకటనను వాళ్లు తర్వాత తీసేస్తారు, మా విషయంలో తీసేశారు కూడా. అదృష్టవశాత్తు నాన్నకు చూపించడం కోసం ఆ ఫోటోను నేను ముందే ఫోనులో దాచాను.

హెల్ప్‌లైన్ ద్వారా వెళ్లిన ఫిర్యాదుకు ఏజెన్సీ ‘ప్యాకేజీలో చెప్పినదే ఇచ్చాం’ అని జవాబు పంపింది. అందుకే కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. ఆఫీసులో ఆ రోజు ఏమి అడిగామో, వాళ్లు ఏమి చెప్పారో పక్కనే కూర్చుని విన్నది నాన్న. తానే వచ్చి సాక్ష్యం చెబుతానన్నారు.