కొరమీనుకు రబ్బరు కప్పల పెట్టె: కొనొచ్చు, కానీ పెట్టెలోంచి తీసి నేరుగా వేయొద్దు

ఐదు రంగుల ఫ్రాగ్ ల్యూర్లతో, అంటే కప్ప ఆకారపు ఎరలతో, వచ్చే చిన్న ప్లాస్టిక్ పెట్టె ఇది. ఒక్కో కప్ప ఐదున్నర సెంటీమీటర్ల పొడవు, పన్నెండు పదమూడు గ్రాముల బరువు. లోపల బోలు, పొట్ట కింద సీసం, వీపు మీదికి తిరిగిన జంట కొక్కెం, వెనక రబ్బరు పోగుల కాళ్ళు. పేరున్న కంపెనీ కప్పలు ఒకటో రెండో వచ్చే డబ్బుకు ఇక్కడ ఐదూ వస్తాయి. అనంతపురం, కర్నూలు చెరువుల్లో మాఘం నుంచి చైత్రం దాకా కొరమీను కోసం గాలం వేసేవాళ్ళకు ఇది పనికొచ్చే సరుకే. ఒళ్ళు బాగుంది. కొక్కేల అమరికలోనే తొందర కనిపిస్తుంది. ఆ పని మనం పూర్తిచేసుకోవాలి.

ముందు మెత్తదనం చూడండి. వీపు మీద బొటనవేలితో నొక్కితే ఒళ్ళు పూర్తిగా అణిగి, రెండు మొనలూ బయటపడాలి. కొరమీను నోరు మూసినప్పుడు జరగాల్సింది అదే. ఒకే పెట్టెలో కూడా ఒకటి మెత్తగా, ఇంకొకటి మొండిగా ఉంటుంది. మొండిదాన్ని చెయ్యి పట్టేంత వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి పిసికితే కొంత లొంగుతుంది. మరిగే నీళ్ళలో వేస్తే ఆకారం పోతుంది.

అసలు లోపం మొనలది. అవి వీపుకు అతుక్కుపోయి, కొంచెం లోపలికి చూస్తుంటాయి. చేప గట్టిగా కొట్టినా కప్ప నోట్లోంచి జారి బయటికొస్తుంది. పటకారుతో ఒక్కో మొననూ బయటికి రెండు మిల్లీమీటర్లు వంచితే చాలు. అంతకు మించితే తూటికూర తీగ ప్రతి విసురుకూ తగులుకుంటుంది, పాచి మీద జారే గుణం పోతుంది. వంచేటప్పుడు కొక్కెం తీగలా మెత్తగా వంగిపోతే ఆ కప్పను పక్కన పెట్టేయండి. రెండు కిలోల చేప కంపలోకి దూరితే ఆ కొక్కెం నిటారుగా సాగిపోతుంది.

రెండో లోపం నీళ్ళు పట్టడం. కొన్ని విసుర్లకే కప్ప బరువెక్కి, తోక మునిగి, తల పైకి లేచి ఈదుతుంది. ముక్కు దగ్గర కొక్కెం కన్ను బయటికొచ్చేచోట ఒక్క చుక్క ఫెవిక్విక్ వేసి ఆరనివ్వండి. వెనక కొక్కెం కాడ దూరే రంధ్రాన్ని మాత్రం మూయొద్దు, ఒళ్ళు అణిగినప్పుడు గాలి, నీళ్ళు పోయే దారి అదే. మధ్యమధ్య తోకను కిందికి పెట్టి పిండుకోవాలి. కాళ్ళు కూడా పొడుగెక్కువ. మూడో వంతు కత్తిరించండి, లేకపోతే చేప పోగులనే పట్టి వదిలేస్తుంది. ఒక కాలు ఇంకో అర సెంటీమీటరు తగ్గిస్తే కప్ప అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది.

దీనికి మామూలు నైలాన్ దారం వద్దు. అది సాగుతుంది. ఇరవై మీటర్ల దూరంలో మనం లాగిన లాగుడు మొన దాకా చేరదు. 40 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (సాగని అల్లిక దారం), ఏడడుగుల మీడియం హెవీ రాడ్, 3000 లేదా 4000 సైజు రీల్ సరిపోతాయి. రీల్ మీద ముందు కొన్ని చుట్లు నైలాన్ చుట్టి, దాని మీద బ్రెయిడ్ ఎక్కించాలి, లేకపోతే స్పూల్ మీదే జారుతుంది. ముడికి పాలోమార్ నమ్మకమైనది: దారాన్ని మడిచి కన్నులోంచి దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, ఆ ఉచ్చులోంచి కప్పను పూర్తిగా దాటించి, తడిపి బిగించాలి. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీల్ దారం వదిలే బిగువు, దాదాపు పూర్తిగా బిగించే ఉంచండి.

ఇక ఎక్కడ వేయాలన్నది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళతో నిండే శింగనమల, బుక్కరాయసముద్రం లాంటి చెరువుల్లో ఈ నెలల్లో నీళ్ళు దిగుతుంటాయి. కట్ట వైపు లోతు చూసి మోసపోవద్దు. వంక నీళ్ళు చెరువులో కలిసే చోటు, తూము పక్కన తుంగ, నీట మునిగిన కంపచెట్ల మొదళ్ళు, తామరాకుల మధ్య చాపంత ఖాళీలు: అక్కడ, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా వెతకండి. కొరమీను గాలి పీల్చడానికి నీటి పైకి రాక తప్పదు. చిన్న సుడి, వెంటనే రెండు మూడు బుడగలు కనిపిస్తే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. మాఘంలో రాత్రి చలికి అంచు నీళ్ళు చల్లబడతాయి కాబట్టి పొద్దెక్కి, తొమ్మిది దాటాక కదలిక మొదలవుతుంది. చైత్రం వచ్చేసరికి తలకిందులు: తెల్లవారుజామున, మళ్ళీ సాయంత్రం ఐదు తర్వాత.

కప్పను సుడి మీదే పడేయొద్దు, అదిరి పారిపోతుంది. రెండు మూడు మీటర్లు అవతలకు వేసి, పాచి మీదుగా లాక్కొచ్చి, ఖాళీలోకి జారగానే ఆపండి. నాలుగైదు సెకన్లు. ఒక చిన్న కుదుపు, మళ్ళీ ఆపు. నీళ్ళు బద్దలైన చప్పుడుకు చెయ్యి దానంతటదే లాగబోతుంది, ఆపుకోవాలి. రాడ్ కొన దించి, దారం వదులు చుట్టుకుని, బరువు చేతికి తెలిశాకే పైకి గట్టిగా లాగండి. తగిలాక ఊపిరి తిప్పుకోనివ్వకుండా పాచి పైకి ఎత్తి ఈడ్చుకురావాలి.

గాజులదిన్నె, మైలవరం లాంటి జలాశయాల మధ్య నీళ్ళలో ఈ పెట్టె దండగ. అక్కడి బొచ్చె, శీలావతి దీన్ని చూడవు. పాచి పట్టిన వెనక అంచుల్లో మాత్రం వేసి చూడొచ్చు. అమెరికా వీడియోలు చూసి వసంతకాలపు పాఠాలు ఇక్కడికి తేవడం కూడా తప్పే. అక్కడి స్మాల్‌మౌత్ బాస్ రాళ్ళూ గులకరాళ్ళూ ఉన్న చల్లటి తేట నీళ్ళ చేప. నీళ్ళు 15 డిగ్రీల సెల్సియస్ దాటాక గులకల్లో గూడు చేసుకుంటుంది. మన చేపకు తుంగ, బురద, వేడి కావాలి.

నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు ఒక ముద్దగా కదులుతుంటే అక్కడ కప్ప వేయొద్దు. తల్లీ తండ్రీ కిందే కాపలా ఉంటాయి, ఏది దగ్గరికొచ్చినా కొడతాయి. వాటిని తీసేస్తే గుంపును మిగతా చేపలు తినేస్తాయి. కొరమీను ప్రధానంగా వానలప్పుడే గుడ్లు పెట్టినా, నీళ్ళు నిలిచే చెరువుల్లో ఈ కాలంలోనూ ఇలాంటి గుంపులు కనిపిస్తాయి. చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘాల లీజులో ఉంటాయి. గాలం విప్పకముందే వాళ్ళను అడగండి.

రంగుల్లో నలుపు, ముదురు ఆకుపచ్చ చాలు. మిగతా మూడూ కంపలో పోగొట్టుకోవడానికి భయపడకుండా వేసే కప్పలు. ఎండలో బండి డిక్కీలో మెత్తటి రబ్బరు ఎరలతో కలిపి పెడితే ఒకదానికొకటి కరిగి అతుక్కుపోతాయి. విడిగా, ఆరబెట్టి, ఒళ్ళు నొక్కుకుపోకుండా నీడలో పెట్టండి.