ఇంటికొచ్చే పాలియేటివ్ కేర్: ఫోను బాగుంది, మాత్రల లెక్కే కుదరలేదు

తిరుపతిలో ఇంటికొచ్చి పాలియేటివ్ కేర్ (ముదిరిన జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) చూసే ఒక సంస్థ సేవను మా నాయన కోసం చాలా నెలలు వాడుకున్నాం. దవడ క్యాన్సర్, మింగడం కుదరక రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), నొప్పికి మార్ఫిన్. ఇట్లాంటి ఇంటికి ఏ సంస్థ వచ్చినా చేసేవి దాదాపు ఒకటే కాబట్టి వాటి జాబితా జోలికి పోను. ఒక్క విషయం కోసమే ఇది రాస్తున్నాను: మార్ఫిన్ మాత్రలు ఏ లెక్కన ఇస్తారు, అవి ముందే అయిపోతే ఎవరు తెచ్చిస్తారు. సంస్థ మంచిదా కాదా అనేది నా దృష్టిలో ఇక్కడే తేలుతుంది. చేరేటప్పుడు మాత్రం అందరూ ఫీజు ఎంత, డాక్టరు ఎన్నిసార్లు వస్తారు అనే అడుగుతారు.

ముందు మంచి సంగతి. వీళ్ల రాత్రి ఫోను నిజంగా పనిచేస్తుంది. ఎత్తేది కాల్ సెంటర్ కాదు, పేషెంట్ ఫైలు తెలిసిన నర్సు. ఎత్తగానే మూడు ప్రశ్నలు: చివరి డోసు ఎన్నింటికి వేశారు, విరేచనం ఎప్పుడయింది, పిలిస్తే పలుకుతున్నారా. ఆ జవాబులను బట్టి ఏం చేయాలో చెప్తారు, పొద్దున మళ్లీ వాళ్లే ఫోను చేసి కనుక్కుంటారు. పుండు వాసన భరించలేకుండా ఉన్నప్పుడు మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి, సెలైన్‌తో కడిగిన పుండు మీద చల్లమని చెప్పింది కూడా ఫోనులోనే. గుడ్డ అంటుకుపోయి ఊడదీస్తే రక్తం వస్తుంటే, లాగకుండా సెలైన్‌తో బాగా తడిపి కాసేపు ఆగమన్నారు. రెండూ పనిచేశాయి. రాత్రిపూట ఇంత ఓపికగా మాట్లాడే మనిషి దొరకడం పెద్ద ఆస్పత్రుల్లోనూ అరుదు. ఈ ఒక్కదానికే వీళ్లకు దండం పెట్టాలనిపించింది చాలాకాలం.

ఇక మాత్రలు. మామూలు మార్ఫిన్ మాత్ర పని నాలుగు గంటలు. అందుకని పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకు ఒక్కో 10 ఎంజీ, మధ్యలో నిద్ర చెడకుండా రాత్రి పదికి రెండు మాత్రలు ఒకేసారి. రోజుకు 60 ఎంజీ, ఆరు మాత్రలు. దీనికి తోడు మధ్యలో నొప్పి ఎగిస్తే వేసే అదనపు డోసు ఉంటుంది. అది రోజు మొత్తంలో ఆరో వంతు, అంటే ఇంకో 10 ఎంజీ మాత్ర. డ్రెస్సింగ్‌కు అరగంట ముందు ఒకటి, ఒళ్లు తుడిచేటప్పుడో పక్క మార్చేటప్పుడో ఇంకొకటి, ఇట్లా రోజుకు రెండు పడటం ఈ జబ్బులో మామూలే. రోజూ మూడు నాలుగు అవసరమవుతుంటే మాత్రం అసలు డోసే చాలడం లేదని అర్థం, డాక్టరు పెంచాలి.

సంస్థ రెండు వారాలకు ఇచ్చింది 84 మాత్రలు. ఆరును పద్నాలుగుతో గుణిస్తే వచ్చేది అంతే. చీటీలో 'అవసరమైతే అదనపు డోసు' అని రాసే ఉంది, కానీ ఫార్మసీ లెక్కలోకి ఆ ముక్క ఎక్కలేదు. రోజుకు ఎనిమిది చొప్పున వేస్తే 84 మాత్రలు పదో రోజు దాటి పదకొండో రోజు సగానికి అయిపోతాయి. ఇవ్వాల్సింది 112. ఒక బడి పిల్ల కూడా చేయగల గుణకారం మీద ఒక మనిషి నొప్పి ఆధారపడి ఉంది, దాన్ని సరిచూసే మనిషి మాత్రం ఆ సంస్థలో ఎవరూ లేరు. సాయంత్రం ఆరు గంటల మాత్రతో స్ట్రిప్ ఖాళీ అయింది. అది బ్రహ్మోత్సవాల ఐదో రోజు, గరుడ సేవ. అలిపిరి వైపు రోడ్లన్నీ జనమే, వాహనాలను ఎక్కడికక్కడ మళ్లిస్తున్నారు. సంస్థ ఫార్మసీకి సెలవు. సంతకం చేయాల్సిన డాక్టరు ఊళ్లో లేరు.

రాత్రి పది గంటల రెండు మాత్రలు పడలేదు. పన్నెండు కాకముందే నొప్పి మొదలైంది. తెల్లవారేసరికి ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, కడుపులో మెలిపెట్టడం. మార్ఫిన్‌ను నెలల తరబడి వాడుతూ ఉన్నట్టుండి ఆపితే శరీరం చూపించే లక్షణాలవి. దాన్ని చూసి 'మందుకు బానిసయ్యాడు' అనుకునే చుట్టాలుంటారు, అది వ్యసనం కాదు. బీపీ మాత్ర ఒక్కసారిగా ఆపితే బీపీ ఎట్లా ఎగిస్తుందో ఇదీ అంతే. ఫోనులో నర్సు పారాసెటమాల్ కరిగించి ట్యూబులో వేయమన్నారు, తల ఎత్తి పడుకోబెట్టమన్నారు, గంట గంటకూ తనే చేశారు. కానీ ఫోను మాత్రలు తెచ్చివ్వదు కదా.

పొద్దున ఇంకో ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఫైలు చూసి మార్ఫిన్ రాసిచ్చారు. అక్కడ మామూలు 10 ఎంజీ మాత్ర లేదు, ఎస్ఆర్ (మందును మెల్లగా వదిలే రకం) 30 ఎంజీ ఉంది. పన్నెండు గంటలకొకటి వేస్తే రోజుకు 60 అవుతుంది కాబట్టి లెక్క సరిగ్గానే రాశారు. అయితే సంస్థ ఇచ్చిన ఫైలు పైకాగితంలో డోసులన్నీ ఉన్నాయి గానీ, మందులు రైల్స్ ట్యూబు ద్వారా వేస్తున్నామనే మాట లేదు. ఎస్ఆర్ మాత్ర మందును పన్నెండు గంటల పాటు కొద్దికొద్దిగా వదలాలి. నూరి నీళ్లలో కలిపి ట్యూబులో పోస్తే 30 ఎంజీ అంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. పగలు ఒక్క డోసుకు 10 ఎంజీ అలవాటైన మనిషికి అది మూడింతలు. మత్తు ముంచుకొచ్చి శ్వాస నెమ్మదించే ప్రమాదం ఉంది. దీన్ని పట్టుకున్నది రాత్రి ఫోనులో ఉన్న నర్సే. "అన్నా, నూరకముందు స్ట్రిప్ తిప్పి చూడండి. పేరు పక్కన ఎస్ఆర్ అని ఉందా? ఉంటే రోట్లో వేయొద్దు" అన్నారు. ఉంది. మామూలు మాత్రలు సంస్థ వాళ్లు ఫార్మసీ తెరిపించి తెచ్చేసరికి మధ్యాహ్నమయింది.

మెడికల్ షాపులో కొనుక్కోవచ్చు కదా అనుకునేవాళ్లకు: వీధి చివర షాపులో మార్ఫిన్ ఉండదు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించాక మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ ఈ ఆరింటిని అత్యావశ్యక నార్కోటిక్ మందులుగా చేర్చారు, దేశమంతా ఒకే నిబంధనలు వచ్చాయి. అంతకుముందు రాష్ట్రానికో తీరుగా లైసెన్సులు ఉండేవి. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తించిన వైద్యసంస్థ అయితే వీటిని తెప్పించి పెట్టుకోవచ్చు, పేషెంట్లకు ఇవ్వొచ్చు. రిజిస్టరు రాయాలి, బాధ్యుడైన డాక్టరు ఉండాలి. కాబట్టి మీరు అడగాల్సింది 'మీ దగ్గర మార్ఫిన్ దొరుకుతుందా' అని కాదు. 'ఆ గుర్తింపు మీకే ఉందా, వేరే ఆస్పత్రి గుర్తింపు మీద తెచ్చిస్తున్నారా? మీ డాక్టరు లేని రోజు సంతకం ఎవరిది?' అని. రెండో ప్రశ్నకు తడుముకున్నారంటే సెలవు రోజున మీ పరిస్థితి ఏమిటో అప్పుడే తెలిసిపోతుంది.

ఆ తర్వాత సంస్థ కొన్ని మార్చింది, అది ఒప్పుకోవాలి. అదనపు డోసులతో కలిపి మాత్రలు లెక్కగట్టడం మొదలుపెట్టారు. రెండు వారాల మందు ఇచ్చి పదో రోజునే మళ్లీ చీటీ రాసేవాళ్లు, ఎప్పుడూ నాలుగు రోజుల మందు ఇంట్లో మిగిలేటట్టు. నర్సు వచ్చినప్పుడల్లా మిగిలిన మాత్రలు లెక్కపెట్టి ఫైల్లో రాసి మా చేత సంతకం పెట్టించుకునేవాళ్లు. పైకాగితం మీద ఎర్ర అక్షరాలతో 'రైల్స్ ట్యూబ్, ఎస్ఆర్ వద్దు' అని రాశారు. ఇవన్నీ మేం గట్టిగా అడిగాక జరిగినవి. అడగని ఇళ్లలో కూడా చేస్తున్నారా అంటే నమ్మకంగా చెప్పలేను.

అంతెందుకు, మలబద్ధకం మందు విషయంలోనూ ఇదే తీరు. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం మందు కూడా మొదలుపెట్టాలి, మార్ఫిన్ ఉన్నన్నాళ్లు అది ఉండాల్సిందే. వాంతి, మగత కొద్ది రోజులకు సర్దుకుంటాయి, మలబద్ధకం సర్దుకోదు. వీళ్లు దాన్ని మర్చిపోలేదు, మంచిదే. కానీ అచ్చువేసిన చీటీలో అందరికీ బిసాకొడిల్ మాత్రే ఉంటుంది. దానిపై పూత పేగుల్లోకి చేరాక కరగాలి, నూరి ట్యూబులో వేసేది కాదు. ట్యూబు ఉన్నవాళ్లకు లాక్టులోజ్ మాదిరి ద్రవమందు రాయాలి, వేసే ముందూ తర్వాతా నీళ్లు పట్టించాలి, లేకపోతే ట్యూబు మూసుకుపోతుంది. చెప్పగానే మార్చారు. చెప్పాల్సి వచ్చింది, అంతే.

రాత్రి ఫోను గురించి పైన రాసిందాన్ని కూడా కాస్త సవరించుకోవాలి. అంత బాగా పనిచేసింది ఇద్దరు సీనియర్ నర్సుల వల్ల. వాళ్లలో ఒకరు మానేశాక వచ్చిన కొత్తమ్మాయి మంచిదే, కానీ ఫైలు చేతిలో లేకుండా మాట్లాడేది, చాలాసార్లు 'ఆస్పత్రికి తీసుకెళ్లండి' తోనే ముగించేది. ఇంట్లోనే ఉంచాలని నిర్ణయించుకున్న కుటుంబానికి ఆ ఒక్క మాట చాలు, గాభరాపడి అంబులెన్సు పిలవడానికి.

చివరి రోజుల విషయంలో మాత్రం వంక పెట్టలేను. ట్యూబులో వేసింది నిలవడం మానేశాక, పైచేయి చర్మం కింద సన్నటి బటర్‌ఫ్లై సూది పెట్టి, మందులు దాని ద్వారానే ఇవ్వడం మాకు నేర్పారు. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్‌కు సుమారు సగం డోసే చర్మం కింద సరిపోతుందని కాగితం మీద రాసి చూపించారు. గొంతులో గరగరకు, అలజడికి మందులు ఏవి ఎప్పుడో సిరంజిల మీద రంగు టేపులు అంటించి పెట్టారు. సెలైన్ పెట్టమని చుట్టాలు ఒత్తిడి చేస్తే, ఆ దశలో ఎక్కువ ద్రవం పోస్తే వాపు, గొంతులో గరగర పెరగొచ్చని నర్సు వాళ్లను కూర్చోబెట్టి చెప్పారు. తడి దూదితో పెదాలు, నోరు తుడుస్తూ ఉండమన్నారు. నాయన ఇంట్లోనే పోయారు. డాక్టరు వచ్చి ఫారం 4ఎ సంతకం చేసిచ్చారు. ఇంట్లో జరిగిన మరణానికి కారణం ధ్రువీకరించే కాగితం అది, 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించుకోవడానికి పనికొస్తుంది. ఈ సంతకం ఎవరు పెడతారో ముందే తేల్చుకోని ఇళ్లలో, పార్థివదేహాన్ని ఇంట్లో పెట్టుకుని డాక్టరు కోసం తిరగాల్సి వస్తుంది.

చేరమంటానా అంటే, మా ఇంటి లెక్కలో అవుననే చెప్తాను. మేం టౌనులోనే ఉన్నాం, ఇంట్లో ఎప్పుడూ ఇద్దరం ఉండేవాళ్లం, స్ట్రిప్ మీది అక్షరాలు చదివి ఫోనులో చెప్పగలం. వయసు మళ్లిన భార్యాభర్తలు ఇద్దరే ఉండే ఇంటికి ఇదే సంస్థ సరిపోతుందని చెప్పను, కనీసం పగలంతా ఒక మనిషిని పెట్టుకోగలిగితే తప్ప. రేణిగుంట, చంద్రగిరి దాకా వాళ్ల బండి వారం వారం వస్తుంది, అంతకు అవతలి ఊళ్లకు వంతు తప్పుతుందని అక్కడి కుటుంబాలు చెప్పాయి. చిత్తూరు చుట్టుపక్కల వాళ్లకు వేలూరు దగ్గర, అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, ముందు అక్కడ కనుక్కోవడం మేలు. కిడ్నీలు దెబ్బతిన్న పేషెంట్ అయితే మార్ఫిన్ ఒంట్లో పేరుకుని మగత, కండరాలు ఉలిక్కిపడటం మొదలవుతాయి, డోసు తగ్గించాలి లేదా ఫెంటానిల్ మాదిరి వేరే మందుకు మారాలి. అలాంటి కేసు వీళ్లెట్లా చూస్తారో మాకు అనుభవం లేదు. ఎవరి దగ్గర చేరినా మొదటి రోజు మాత్రలు తీసుకునేటప్పుడు అదనపు డోసులు కలిపి మీరే గుణించండి, తక్కువుంటే అక్కడి నుంచి కదలకండి.