మోసగాడికి శిక్ష ఎందుకు? భయమా, చేసినదానికి ఫలితమా, మార్పా, పరిహారమా: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక తండ్రి జీడితోట తాకట్టు పెట్టి, కొడుకుని విదేశానికి పంపిస్తానన్న ఏజెంటు చేతిలో లక్షలు పోశాడనుకుందాం. వీసా దొంగదని తేలింది. సోంపేట, కవిటి, కంచిలి వైపు ఇలాంటి మోసం గురించి విననివాళ్లు తక్కువ. నేరం రుజువైంది. ఇప్పుడు ఆ ఏజెంటును జైల్లో పెట్టే హక్కు ప్రభుత్వానికి ఏ న్యాయంతో వస్తుంది?

వీడిని చూసి ఇంకొకడు జంకాలి కాబట్టి, అన్నది ఒక జవాబు. ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ మాట ఇదే: శిక్ష దానంతట అది చెడే, ఇంకా పెద్ద చెడును ఆపినప్పుడే అది తగును. కానీ జనం జంకడమే ముఖ్యమైతే, పట్టుబడినవాడు నిజంగా దోషా కాదా అన్నది వెనక్కి పోతుంది. ఊరంతా దోషి అని నమ్మితే అమాయకుణ్ణి లోపల వేసినా భయం పుడుతుంది. ఇది నాకు మింగుడుపడదు. పైగా నేరాన్ని ఆపేది శిక్ష తీవ్రత కాదు, అది తప్పదన్న నమ్మకమే అని ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా 1764లోనే అన్నాడు. చీటింగుకు చట్టంలో ఏడేళ్ల వరకు జైలుంది. కేసు వాయిదాల మీద నడుస్తుండగా వాడే పలాసలో ఇంకో పేరుతో బోర్డు పెట్టుకుంటే ఆ ఏడేళ్లకు ఎవరు భయపడతారు?

చేసినదానికి తగినంత అనుభవించాలి, అంతే, అన్నది జర్మన్ తత్వవేత్త కాంట్ పక్షం. చేసుకున్నవారికి చేసుకున్నంత అని మనమూ అంటాం. ఇది పగ అని చాలామంది కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను. పగకు హద్దుండదు, దీనికి ఉంది. తప్పు చేయనివాణ్ణి తాకకూడదు, చేసినవాణ్ణి చేసినదానికి మించి బాధించకూడదు. ఇంకొకరికి పాఠం చెప్పడానికి మనిషిని వాడుకోకూడదు. చిక్కల్లా కొలతలోనే. ఒక జీడితోటకు ఎన్నేళ్ల జైలు సమానం?

మనిషిని మార్చాలి అన్నవాళ్లలో మన దేశంలో గట్టిగా వినిపించిన గొంతు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కృష్ణయ్యర్‌ది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులోనూ నేరం ఇలాంటిదే, ఉద్యోగాలిప్పిస్తానని కుర్రాళ్ల దగ్గర డబ్బు గుంజడం. ఆయన శిక్ష తగ్గించి, సంస్కరణ గురించి విపులంగా రాశారు. ఉదాహరణకు, బండి దొంగిలించిన పంతొమ్మిదేళ్ల కుర్రాడి విషయంలో నేను నిస్సందేహంగా ఆయన వైపే. జైలుకు బదులు మంచి నడవడి షరతు మీద వదిలే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కూడా ఇరవై ఒక్క ఏళ్లలోపు వాళ్లను సాధ్యమైనంత వరకు జైలుకు పంపొద్దనే చెబుతుంది. లెక్క వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన నలభై ఏళ్లవాడి సంగతి వేరు. వాడు మారితే మంచిదే, కానీ మారేదాకా ఉంచుతామంటే ఆ గడువు ఎవరు చెప్పాలి?

ఇక పరిహారం. ఊళ్లో పెద్దమనుషులు తగువు తీర్చి తప్పు (జరిమానా) వేస్తే, ఆ సొమ్ము చాలాసార్లు అమ్మవారి పండగ ఖర్చులోకి పోతుంది. కోర్టు జరిమానా మామూలుగా ప్రభుత్వానికి పోతుంది. అలా రెండుచోట్లా తోట పోయినవాడి చేతికి ఏమీ రాదు. ఇది నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం. అలాగని డబ్బు కట్టేస్తే చాలు అనలేం. దొరికినప్పుడు తిరిగిచ్చి, దొరకనప్పుడు దాచుకునేవాడికి అది వ్యాపారమే.

నా తీర్పు ఇది. శిక్షించడానికి కారణం, శిక్షకు హద్దు రెండూ ‘తగినంత’ అన్న సూత్రం నుంచే రావాలి. ఆ తగినంతలో మొదటి వాటా మాత్రం పోగొట్టుకున్నవాడిది కావాలి, జైలు ఆ తర్వాత. భయం పుడితే పుట్టనీ, దానికోసం ఒక్క రోజు కూడా అదనంగా వేయకూడదు.

చట్టం దీనికి అడ్డు రాదు. జరిమానా సొమ్మును బాధితుడికి ఇప్పించే వీలు కోర్టుకు ఉంది. జరిమానా వేయని శిక్షలో కూడా పరిహారం ఆదేశించవచ్చు. పరిహారం సంగతి ప్రతి కేసులో ఆలోచించి తీరాలనీ, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలనీ సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కాబట్టి డబ్బు పోయినవాళ్లు దోషి అని తేలగానే ఇంటికి వచ్చేయకుండా, అప్పు కాగితాలు, బ్యాంకు రసీదులు ప్రాసిక్యూటర్ చేతికిచ్చి, శిక్ష ఖరారయ్యేలోపే పరిహారం అడిగించాలి.